రెండు కోతల చెవి

తెనాలి నుంచి గిద్దలూరు వైపు ఊరికే వెళ్ళేవాళ్ళు ఉండరు. పెళ్ళికి వెళ్తారు, పరామర్శకు వెళ్తారు, బదిలీ అయితే ఏడుస్తూ వెళ్తారు. నేను బొమ్మ కొనుక్కురావడానికి వెళ్ళాను. ఆ మాట విని మా పక్కింటావిడ, "బొమ్మలకైతే కొండపల్లి వెళ్ళాలి కదా వదినా, అటెందుకు?" అని జాలిపడింది. తిరిగొచ్చి పదిహేను రోజులైంది. బొమ్మేదీ అని అడిగిన ప్రతివాళ్ళకీ మొదట్నించీ చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళ చేతికి ఈ కాగితాలిచ్చి నేను కాఫీ పెట్టుకుంటాను.

ఈ ప్రయాణానికి మూలపురుషుడు మా చెల్లెలి మొగుడు. విజయవాడ బైపాస్ మీద హోటల్ కడుతున్నాడు. దానికి పల్లెటూరి పేరు పెట్టాడు. ఆ పేరు ఇక్కడ రాస్తే నా ఖర్చుతో ప్రచారం చేసినట్టవుతుంది కాబట్టి రాయను. లోపల ఏసీ, నులకమంచాల ఆకారంలో సోఫాలు, వడ్డించేవాళ్ళకు తలపాగాలు. ఇంత చేశాక ఒక గోడ ఖాళీగా మిగిలిందట. "వదినగారూ, దాని మీద అసలైన పల్లె ఉండాలి. మీరు డ్రాయింగ్ టీచర్ కదా, మీకైతే తెలుస్తుంది" అని ఐదు వేలు, ఒక జాబితా నా చేతిలో పెట్టాడు. జాబితాలో ఎద్దుల బండి, మజ్జిగ చిలికే ఆడమనిషి, ముగ్గు, కోడిపుంజు ఉన్నాయి. మావాడు పుట్టి పెరిగింది విజయవాడలో మూడో అంతస్తులో.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను. చేతిసంచిలో రంగుల పెట్టె, రెండు బ్రష్షులు లేకుండా గడప దాటను. బొమ్మలో లోపం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. మా బ్యాంకు గోడ మీద భారతమాత కుడిచెయ్యి పొట్టిగా ఉందని మేనేజరుకు చెప్పి, ఆయన వినకపోతే రాసిచ్చి మరీ వచ్చాను. ఇది మంచి గుణమనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

దొనకొండలో ఇడ్లీ

గుంటూరులో ఎక్కిన రైలు వినుకొండ దాటాక తీరిగ్గా నడవడం మొదలుపెట్టింది. కాలవలు, వరిచేలు ఎప్పుడో వెనకపడ్డాయి. కిటికీలోంచి కంది చేలు, కంపచెట్లు, రాళ్ళు, ఆ రాళ్ళ మధ్య మేకలు కనిపించాయి. నా ఎదురు సీట్లో మిరపకాయల బస్తాను ఆనుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. ఊరేది, పిల్లలెంతమంది, పింఛను వస్తుందా, మోకాళ్ళెలా ఉన్నాయి, అన్నీ అడిగింది. మా వైపు ఈ ప్రశ్నలకు గంట పడుతుంది. ఆవిడ రెండు స్టేషన్ల మధ్య ముగించింది.

"ఇంతకీ యాడికి పోతాండావమ్మా?"

"అర్ధవీడు దగ్గర ఒకామె గొర్రెల బొమ్మలు వేస్తుందట. ఒకటి కొందామని."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "బొమ్మేంది, గొర్రెనే కొనుక్కోని పో. పిల్లలన్నా పెడతాది."

నా దగ్గరున్నది ఐదు వేలేనన్నాను. అంతకు గొర్రె రాదని ఆవిడే వెంటనే లెక్క చెప్పి ఆ సంగతి మూసేసింది.

దొనకొండలో బండి ఎందుకో ఆగి, ఎందుకో చాలాసేపు ఉండిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఒకామె బేసిన్‌లో ఇడ్లీలు పెట్టుకుని అమ్ముతోంది. ఇరవై రూపాయలకు నాలుగు. మా తెనాలిలో ఆ డబ్బుకి రెండిస్తారు, అల్లప్పచ్చడి మాత్రం ధారాళంగా పోస్తారు. ఇక్కడ శెనక్కాయ చట్నీ. మా పచ్చడిలో బెల్లం ముక్క వేసి కారాన్ని బుజ్జగిస్తాం, వీళ్ళు అలాంటి బుజ్జగింపులేమీ పెట్టుకోరు. మూడో ఇడ్లీ దగ్గర నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సరిగ్గా అప్పుడే బండి కదిలింది. పరిగెత్తి ఎక్కాను గానీ చట్నీ సగం నా చీర మీదకి వచ్చింది. మిగతా ప్రయాణంలో నన్ను చూసినవాళ్ళంతా ముందు ఆ మరకనే చూశారు.

మార్కాపురంలో నెమలి తోక

మార్కాపురం రోడ్ స్టేషన్‌కి వసుంధర స్కూటీ మీద వచ్చింది. తెనాలిలో నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇక్కడి కోమట్ల ఇంటికి కోడలై వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. బజార్లో వాళ్ళది హోల్‌సేల్ కిరాణా. దుకాణం ఎక్కడ ఆగి ఇల్లెక్కడ మొదలైందో చెప్పడం కష్టం. నేను పడుకున్న గదిలో కూడా ధనియాల వాసనే.

మార్కాపురం అంటే పలకల ఊరు కదా. నేను అక్షరాలు దిద్దుకున్న పలక కూడా ఇక్కడిదే అయి ఉంటుంది. గుర్తుగా ఒకటి కొనుక్కుందామని బజారుకు వెళ్ళాను. రెండు దుకాణాల్లో లేదన్నారు. మూడో అతను అటక మీద చాలాసేపు వెతికి, దుమ్ము దులిపి, గులాబీరంగు ప్లాస్టిక్ పలక తెచ్చి ఇచ్చాడు. రాతిది కావాలన్నాను. "అదిప్పుడు ఎవరు కొంటారమ్మా" అని ఆశ్చర్యపోయాడు.

రాత్రి భోజనంలో జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, శెనక్కాయల పొడి పెట్టారు. తింటూండగా వసుంధర ఫోన్‌లో బొమ్మ చూపించింది. ఈ బొమ్మ సంగతి నాకు రాసి పంపింది తనే. ఆమె దాన్ని కనిపెట్టిన తీరు కూడా బాగుంది. ఒక వానరోజు వాళ్ళ దుకాణానికి సరుకుల కోసం ఆటో వచ్చింది. సరుకు తడవకుండా కప్పిన ఫ్లెక్సీ మీద మందలకు మందలు గొర్రెలు. వేసిందెవరని అడిగితే, ఆటోలో వచ్చిన ఆమె, "మా అత్త వేస్తాదిలేమ్మా, పని లేక" అందట.

నేను ఫొటోను పెద్దది చేసి చూశాను. "కాళ్ళు మరీ పొట్టిగా వేసింది వసూ. కొంచెం దిద్దితే ఎంత బాగుంటుందో."

వసుంధర నవ్వింది. "మేడం, ఎనిమిదో తరగతిలో నా నెమలికి జిల్లా ప్రైజు వచ్చింది, గుర్తుందా?"

"గుర్తులేకపోవడమేమిటి."

"తోక మీరు దిద్దారు. తర్వాత మెడ దిద్దారు. చివరికి నావి కాళ్ళే మిగిలాయి. ఆ కప్పు మా అమ్మ ఇప్పటికీ షోకేసులో పెట్టుకుంది. నేను అటు చూడను."

నవ్వుతూనే అని, నా పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది. పిల్ల చమత్కారంగా మాట్లాడుతోందనుకుని నేను ఆ రొట్టె కూడా తినేశాను.

అర్ధవీడు దారిలో, బండి లేని ఇల్లు

మర్నాడు బస్సులో కంభం, అక్కణ్ణుంచి షేర్ ఆటో. ఆటోలో తొమ్మిదిమందిమి. మనిషికి నలభై తీసుకున్నాడు, నేను కొత్త మనిషినని ఒడిలో ఒకరి కోడిని కూడా పెట్టారు. ఊళ్ళో దిగి "బొమ్మలు వేసే చెన్నమ్మగారి ఇల్లెక్కడ?" అని అడిగితే ఎవరికీ తెలియలేదు. ముగ్గురు చర్చించుకున్నాక ఒకతనికి వెలిగింది. "ఫ్లెక్సీల చెన్నమ్మా? అట్ల చెప్పు మరి" అని చెయ్యెత్తి చూపించాడు.

చెన్నమ్మకు డెబ్బై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి. ఇంటి పక్క రేకుల కింద నేల మీద ఫ్లెక్సీ పరుచుకుని కూర్చుంది. చేతిలో కొస నమిలిన వేపపుల్ల, పక్కన సున్నం, ఎర్రమన్ను, మసి, మూడు కొబ్బరిచిప్పల్లో. అన్నిట్లోనూ తుమ్మజిగురు కలుపుతుందట.

"రామ్మా, కూకో" అంది తల ఎత్తకుండా. నన్ను చూసీ చూడగానే నువ్వు అనేసింది. మా ఊళ్ళో పిల్లల తల్లిదండ్రులు ముప్పై ఏళ్ళు మీరు అనే అన్నారు. నాకు ఈ పిలుపే హాయిగా అనిపించింది.

మొదట్లో ఇంటి గోడల మీద వేసేదట. కొత్తిల్లు కట్టాక కోడలు ఒప్పుకోలేదు. "గోడకి అంత పెట్టి పెయింటు ఏయించుకున్నాము, దాని మీద గొర్రెల్ని తోలొద్దు అత్తా అనింది. అన్నది న్యాయమే కదా. అందుకే ఇవి పట్టినా. మా ఊళ్ళో ఫ్లెక్సీలకి కరువు లేదమ్మా. ఎలక్షన్ వచ్చినా కడతారు, ఎవరన్నా పుట్టినా కడతారు, పోయినా కడతారు. ఎనక పక్క తెల్లగా ఖాళీగానే ఉంటాది."

నేను మా మరిది జాబితా చదివాను. ఎద్దుల బండి దగ్గరే ఆపింది.

"మాకు బండి లేదమ్మా. గొర్రెలోళ్ళం. బండి ఉంటే గొర్రెల ఎనక ఎందుకు నడుస్తాం?"

"మజ్జిగ చిలికే ఆమె?"

"గొర్రెపాలకి మజ్జిగేంది." చెన్నమ్మ ఈసారి తల ఎత్తి నన్ను చూసింది. "మొన్న ఒకడు ఫోన్ పట్టుకోని వచ్చి ఇదే అడిగినాడు. పల్లె అంటే బండి ఉండాలంట. పోనీలే అని వేసిచ్చినా. నాకు తెలిసింది ట్రాక్టరు చక్రాలు, అవే వేసినా. సంతోషంగా తీస్కపోయినాడు."

తర్వాత లోపలి నుంచి పెద్ద చుట్ట తెప్పించి విప్పింది. పదడుగుల ఫ్లెక్సీ. ఒక పక్క నల్లకళ్ళద్దాల కుర్రాడు, జన్మదిన శుభాకాంక్షలు. తిప్పితే రెండో పక్కన మంద. ఆకాశం లేదు, కొండ లేదు, మనుషులు ఎక్కడో మూల వేలెడంత. మిగతాదంతా గొర్రెలే. తెల్లవి, మూతీ కళ్ళచుట్టూ నలుపున్నవి, ఎర్రగోధుమవి. ఒకదానికొకటి పోలిక లేదు. ఒకటి కుంటుతోంది, ఒకటి వెనక్కి తిరిగి చూస్తోంది, ఒకటి పక్కదాని మీద తల ఆనించింది. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను పిల్లలచేత వేయించిన గొర్రెలన్నీ ఒకే గొర్రె అని అక్కడ నిలబడి నాకు తెలిసింది. నిజం చెప్పాలి, కుళ్ళుకున్నాను.

అయినా నోరు ఊరుకోలేదు. "కాళ్ళెందుకు అంత పొట్టిగా ఉన్నాయి?"

"గడ్డిలో ఉండాయి కదమ్మా" అంది చెన్నమ్మ.

ఈ గొర్రెలేవీ ఇప్పుడు లేవు. ఐదేళ్ళ క్రితం మొగుడు పోయాక, తన మోకాళ్ళు కూడా పోయాక మందను అమ్మేశారు. అమ్మిన వారం నుంచి వేయడం మొదలుపెట్టిందట. పొద్దున దొడ్డి విడిచినప్పుడు ఏది ముందు పరిగెత్తేదో, ఏది వెనకపడేదో, బొమ్మలో అదే వరస. వాటి చెవులు కూడా వేసింది. ప్రతి చెవి కొసనా చిన్న చీలిక.

"అది మా ఇంటి కోత. ఇంటికొక కోత ఉంటాది. నాలుగు మందలు కలిసిపోయినా చెవి చూసి ఎవరివి వాళ్ళు ఏరుకుంటారు."

ధర అడిగాను. చెప్పలేదు.

"దీన్ని ముందు మా అక్క చూడాల. కొమరోలు అవతల ఉంటాది, లక్ష్మమ్మ. ఇరవై రెండేండ్లయింది మాకు మాటల్లేక. ఇది అప్పటి మందే."

"ఎందుకని?"

"గొర్రెలోళ్ళకి ఎందుకేంది, గొర్రె మీదనే." ఆ తర్వాత ఆ గొర్రె సంగతి ఎన్ని విధాల అడిగినా చెప్పలేదు. "మా అక్కకి చూస్తే తెలుస్తాదిలే" అని ఊరుకుంది.

"మీరే తీసుకెళ్ళి చూపించొచ్చుగా?"

"నేను పోతే తలుపేస్తాది. నువ్వు కొత్తదానివి, నీ మొగాన తలుపెయ్యదు. పోయి పరువు, అంతే. చూసి ఏమన్నా అనిందా, అదే మాట ఒక్క ముక్క మార్చకుండా నాకు ఫోన్‌లో చెప్పు. దుడ్లు దాని తరవాత చూసుకుందాం."

"ఏమీ అనకపోతే?"

చెన్నమ్మ వేపపుల్లను నేలకేసి రాసింది. "అనకపోతే బొమ్మ నువ్వే తీస్కపో. నేను ఇంక వెయ్యను. దీన్ని వెయ్యడానికే కదమ్మా ఈ ఐదేండ్లూ అవన్నీ వేసి చెయ్యి తిప్పుకునింది."

కోడలు రాగిసంగటి పెట్టింది, గోంగూర పచ్చడి వేసింది. తినకుండా వెళ్తానంటే బొమ్మ చుట్ట మీద కూర్చుంటానని బెదిరించింది. వచ్చేటప్పుడు కోడలు తన ఫోన్ నంబరిచ్చింది, చెన్నమ్మ రెండు ముక్కలు చెప్పింది. ఒకటి, సున్నం కదా, పెచ్చులు లేస్తాయి, జాగ్రత్త. రెండోది, అక్క ఎదుట తన పేరు ముందే చెప్పొద్దు.

గిద్దలూరులో మరమ్మతు

గిద్దలూరు బస్సులో నా చుట్టను సీట్ల కింద పడుకోబెట్టాను. కండక్టరు దాన్ని కాలితో కొలిచి, "ఏ పార్టీదమ్మా బ్యానరు?" అన్నాడు. గొర్రెలదన్నాను. ఇంకేమీ అడక్కుండా టికెట్ ఇచ్చాడు. మధ్యలో ఎక్కిన ఒకాయన శెనక్కాయల బస్తా తెచ్చి సరిగ్గా దాని మీద వేశాడు. నేను కేకలేస్తే, "ఫ్లెక్సీకి ఏమైతాదమ్మా, వానకే ఏం కాదు" అని నన్నే ఓదార్చాడు.

లాడ్జిలో గది ఆరువందలు. చేరగానే రెండు మంచాలు కలిపి బొమ్మ పరిచాను. ఇంకా బోలెడు ఎండ ఉంది, కిటికీ తలుపులు తీసి ఒక్కొక్క గొర్రెనూ పరీక్ష పేపరులా చూశాను. ఆశ్చర్యం, ఎక్కడా దెబ్బ తగల్లేదు. మంద మధ్యలో ఒక్కటి తప్ప. నుదుట ఎర్రబొట్టున్న తెల్ల గొర్రె. కొసన చీలిక మామూలుగానే ఉంది గానీ, చెవి అంచున అర్ధచంద్రం ఆకారంలో ఒక ముక్క లేదు, అక్కడ వెనకాల వేసిన ఎర్రమన్ను కనిపిస్తోంది. బస్తా నొక్కుడుకి సున్నం పెచ్చు లేచిందని నిర్ణయించేశాను. పెచ్చు లేస్తే అంత నున్నగా ఎలా లేస్తుందని ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఒక్కసారి కూడా అడగలేదు.

నీటిరంగుల పెట్టె తీశాను. కొత్త తెలుపు పాత సున్నంలో కలవదని కొంచెం పసుపు కలిపాను. సన్న బ్రష్షుతో ఆ అర్ధచంద్రాన్ని పూడ్చి, అంచును గుండ్రంగా తిప్పాను. పావుగంట పని. దూరంగా నిలబడి చూస్తే ఎక్కడ దిద్దానో నాకే తెలియలేదు. పరాయి మనిషి కష్టాన్ని కాపాడానని నా మీద నాకు చాలా మంచి అభిప్రాయం కలిగింది.

ఆ సంతోషంలో మర్నాడు పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను, నలభై రూపాయలు. మా వైపు బొరుగుల్ని పొడిగానే ఉంచి పిడత కింద పప్పు చేసుకుంటాం. ఇక్కడ తడిపి, పిండి, తాలింపు పెట్టి టిఫిన్ చేసేస్తారు. బాగుంటుంది. తిన్నాక కూడా సగం ఖాళీగా ఉందనిపిస్తుంది, ఇంకో ప్లేటు చెప్పాను.

కొమరోలు అవతల

కొమరోలు దాటాక బస్సులో నేను, చుట్ట, ఇంకో నలుగురు. అచ్చువేసిన వైపు బయటికి ఉండడంతో నల్లకళ్ళద్దాల కుర్రాడి మొహం సగం కనిపిస్తోంది. ముందు సీట్లో ఆయన వంగి వంగి చూశాడు. "ఈడు మా చిన్నమ్మ మనవడు కదా. ఇది కట్టించుకోని బెంగుళూరు పోయినాడు. మళ్ళా ఎవరికీ కనపడలా." ఇప్పుడు గొర్రెల వెనకాల ఉంటున్నాడని చెప్పాను. ఆయన దాన్ని నిజమైన సమాచారంగానే తీసుకుని తలూపాడు.

రోడ్డు మీద దించుతూ కండక్టరు హెచ్చరించాడు. ఇదే బస్సు గంటన్నరలో తిరిగొస్తుంది, అది తప్పితే మళ్ళీ పొద్దుగూకాకే. లక్ష్మమ్మ ఇల్లు రోడ్డుకి ఎదురుగానే ఉంది. వాకిట్లో చేటలో శెనక్కాయలు ఒలుస్తోంది. చెల్లెలికంటే పొడగరి, అదే ముక్కు. గంభీరమైన మనిషి.

తెనాలి నుంచి వచ్చానని, ఒక బొమ్మ చూపించాలని చెప్పాను.

"ఎవరేసినారు?"

ముందే పేరు చెప్పొద్దన్న మాట గుర్తుంది. కానీ ఆవిడ చూపు ముందు నాకు అబద్ధం పుట్టలేదు. "మీ చెల్లెలు."

శెనక్కాయలు ఒలవడం ఆగలేదు. పది కాయలు ఒలిచింది, పదిహేను ఒలిచింది. నేను లేచి వెళ్ళిపోదామనుకుంటూండగా చేట పక్కన పెట్టింది. "పరువు."

నేల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాం. లక్ష్మమ్మ గొంతుక్కూర్చుని ముందు నుంచి మొదలుపెట్టింది. వేలు బొమ్మకు తాకకుండా గాల్లోనే ఒక్కొక్క గొర్రె మీదుగా నడిపింది. ఇద్దరి మందలూ ఎన్నో ఏళ్ళు కలిసే మేసేవట, ఆమెకు తెలియని గొర్రె లేదు.

"ఇది కుంటిది. ఇది దాని కూతురు. ఇది పనికిమాలినది, పొద్దస్తమానం చేల్లోకే పోతాది. దీన్ని చూడు, ఎనక్కే చూస్తాది, దీని పిల్లని నక్క ఎత్తకపోయినాది." ఇరవై రెండేళ్ళ కోపం ఎక్కడో కరుగుతున్నట్టే ఉంది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. నేను మనసులోనే చెన్నమ్మకు ఫోన్ చేసేస్తున్నాను.

వేలు నుదుట బొట్టున్న గొర్రె దగ్గరకు వచ్చి ఆగింది. లోపలికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంది. మళ్ళీ కూర్చుని చూసింది. మొహం మారిపోయింది.

"చెవి నిండుగా ఉందే" అంది మెల్లగా.

నాకు అర్థం కాలేదు.

"ఇది బొట్టుది. మా నాయన నా పెండ్లికి ఇచ్చినదాని మనవరాలు. మా ఇంటి కోత అంచున ఉంటాది, నెలవంక మాదిరి. కొండకి తోలినప్పుడు మందలు కలిసినాయి. వాళ్ళాయన దీన్ని పట్టుకోని కొసన వాళ్ళ చీలిక వేసినాడు. మా ఆయన పెద్దమనుషుల దగ్గరికి పోయినాడు. మా కోత కనపడతానే ఉంది కదా అన్నాడు. అది కోత కాదు, కంపకు తగిలి చిరిగింది అన్నారు వాళ్ళు. చెన్నమ్మ గుడి ముందర నిలబడి ప్రమాణం చేసింది, కంపకే చిరిగింది, నా కండ్లతో చూసినా అని. మా ఆయన అబద్ధాలకోరు అయిపోయినాడు. పోయినాడు ఆయన, ఆ పేరు పోలేదు." ఆవిడ కళ్ళజోడు తీసేసింది. "అప్పుడన్నా చిరిగింది అనింది. ఇప్పుడు చిరగను కూడా లేదంట. ఎత్తుకోని పో."

చెన్నమ్మ ఐదేళ్ళు చెయ్యి తిప్పుకుని వేసింది ఆ ఒక్క చెవి. మొగుడు బతికుండగా చెప్పలేని నిజాన్ని సున్నంతో చెప్పుకుంది. ఆ మొగుడు కత్తితో ఎంత చేసినా చెరపలేకపోయిన కోతను నేను ఆరువందల గదిలో పావుగంటలో చెరిపేశాను. పైగా ఎక్కడ దిద్దానో తెలియకుండా దిద్దాను.

నోరు మూసుకుని వచ్చేయొచ్చు. ఏమీ అనలేదని చెన్నమ్మకు చెప్పొచ్చు. బొమ్మ మా మరిది గోడకు చేరుతుంది, అక్కడ చెవి ఎవరూ చూడరు. ఈ ఆలోచన నాకు రాలేదని రాస్తే బాగుంటుంది గానీ, వచ్చింది.

"అమ్మా, ఆ తెలుపు మీ చెల్లెలిది కాదు. నాది" అన్నాను. "నిన్న నేను పూశాను. పెచ్చు లేచిందనుకున్నాను."

లక్ష్మమ్మ నన్ను కొత్తగా చూసింది. "నీకేం పని?"

ముప్పై ఒక్క ఏళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. వసుంధర అడిగింది కాబోలు, నేను రొట్టె తిన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

చెంబుతో నీళ్ళు తెచ్చుకుని కొంగు తడిపాను, దొనకొండ చట్నీ అంటని వైపు. కింద ఉన్నది కూడా సున్నమూ మన్నే, నీళ్ళకు మొత్తం పోతే ఏం చెయ్యాలో తెలియదు. అద్దీ అద్దనట్టు తుడిచాను. నా తెలుపు కొంగుకి వచ్చేసింది. అంచున నెలవంక బయటపడింది. తడికి ఎర్రమన్ను కొంచెం పాకి, అప్పుడే కోసిన చెవిలా అయింది.

లక్ష్మమ్మ మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది. బొమ్మకు ముక్కు తగిలేంత వంగింది.

"కత్తి కోత" అంది. "కంప ఇట్ల నున్నగా చీల్చదు. ఇది మా కోతే. దీని పక్కన వాళ్ళది. రెండూ వేసినాది." వేలితో గాల్లోనే ఆ నెలవంకను గీసింది. "మా ఆయన ఉన్నప్పుడు వెయ్యకపోయినాదా దీన్ని."

ఏడవలేదు. కొంగుతో కళ్ళజోడు మాత్రం తుడుచుకుంది. తర్వాత బొమ్మను చూస్తూనే, "దీన్ని ఇక్కడ పెట్టి పో" అంది. అమ్మకానికని నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. మా మరిది గోడ గురించి బెంగపడేవాళ్ళకు ఇక్కడే చెప్పేస్తున్నాను. అక్కడిప్పుడు కంప్యూటర్ ప్రింటు అంటించాడు. ఎద్దుల బండి ఉంది, మజ్జిగ చిలికే ఆమె ఉంది, వెనకాల మంచు కొండలు కూడా ఉన్నాయి. అందరూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారట.

"ఫోన్ చెయ్యి దానికి" అంది లక్ష్మమ్మ.

చెన్నమ్మ కోడలి నంబరుకి చేశాను. కోడలు ఇచ్చినట్టుంది, చెన్నమ్మ గొంతు ఆత్రంగా వచ్చింది. "టీచరమ్మా, చూసినాదా? ఏమనింది?"

ఒక్క ముక్క మార్చకుండా చెప్పమంది కదా. స్పీకర్ పెట్టి ఫోన్ అక్క ముందుకు జరిపాను. లక్ష్మమ్మ దాన్ని చేత్తో ముట్టుకోలేదు. నేల మీది గొర్రెను చూస్తూ అడిగింది.

"బొట్టుది ఎట్ల పోయినాది?"

అవతల ఊపిరి వినిపించింది.

"ముసల్దై పోయినాదక్కా" అంది చెన్నమ్మ. "అమ్మనియ్యలేదు. కోయనియ్యలేదు. కడాన పండ్లూడిపోతే నేనే గంజి పోసినా."

"గంజిలో ఉప్పేసినావా?"

"ఏసినా. దానికి ఉప్పంటే పానం కదా."

"ఊ" అంది లక్ష్మమ్మ.

తర్వాత ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. ఇద్దరూ ఫోన్ పెట్టేయమని కూడా అనలేదు. రోడ్డు మీద నా బస్సు వచ్చి ఆగింది, రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఫోన్ నాది కాబట్టి నేను కదల్లేదు.